సొట్ట ఉన్న వైపు

పెళ్లిళ్ల సీజన్ ఇంకో నెలలో మొదలవుతుందనగా, గోడౌన్ నిండా బిందెలూ గంగాళాలూ క్యారేజీలూ దింపుకుని, దుకాణం తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి ఇంటికొచ్చేసిన మొనగాడు పవర్‌హౌస్ మార్కెట్ మొత్తం మీద ఒక్కడే. నేనే. ఇంకెవడైనా ఉంటే తీసుకురండి, చూస్తాను. అప్పటికి నాకు అరవై ఇంకా దూరంగానే ఉంది. మోకాళ్లు బాగానే ఉన్నాయి, గిరాకీ అంతకంటే బాగుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఉక్కు ప్లాంట్ ఊరికొచ్చి, గోనెపట్టా మీద గిన్నెలు పరుచుకుని మా నాన్న మొదలెట్టిన వ్యాపారం అది. ఆఖరి జ్వరంలో కూడా "ఆ గంగాళం ఎంతకిచ్చేవురా" అని అడిగిన మనిషి ఆయన. ప్లాంట్ వాళ్లకి రిటైర్మెంట్ ఉంటుంది, రైల్వే వాళ్లకి ఉంటుంది. దుకాణందారుకి ఉండేది ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఒక్కటే.

నిద్ర వల్లే వదిలేశాననుకోండి. ఒక రోజు మా ఆవిడ టీ గ్లాసు చేతికిస్తూ అంది: "రాత్రి నిద్రలో నాతో దుప్పటికి బేరమాడేరు. సగం ఇమ్మని మొదలెట్టి పావు దగ్గర ఖాయం చేసుకున్నారు. మిగతా ముప్పావూ నాకే వదిలేశారు. మీ ఆరోగ్యం బాగోలేదు."

బేరంలో ఓడిపోతున్నానంటే ఇంక దిగిపోవాల్సిందే కదా.

దిగిపోయాక తెలిసింది, తెల్లవారుజాము ఎంత పెద్దదో. అంతకుముందు అది షట్టర్‌కీ టీకీ మధ్య ఇరుక్కున్న చిన్న సందు. ఇప్పుడు మైదానమంత. ప్లాంట్ సైరన్ వినపడగానే లేచి కూర్చునేవాణ్ణి. చెయ్యి తలగడ కింద తాళాలు వెతికేది. తాళాలు లేని చేతిని ఏం చెయ్యాలో తెలియక, దాన్ని జేబులో పెట్టుకుని రోడ్డు మీదికి నడిచేవాణ్ణి.

మా రుఆబాంధా రోడ్లు ఆ వేళకి నిద్రలో ఉంటాయి. రెండువైపులా చెట్లు పైన చేతులు కలుపుకుని ఉంటాయి, కింద మంచు పొగలా కదులుతూ ఉంటుంది. దూరంగా ప్లాంట్ వాళ్లు కాలుతున్న లోహపు మడ్డి, స్లాగ్, పారబోసినప్పుడు ఆకాశం ఒక మూల నారింజరంగుకి తిరిగి, మళ్లీ మెల్లగా బూడిదరంగులోకి జారుతుంది. చిన్నప్పుడు అది సూర్యుడి రిహార్సల్ అనుకునేవాణ్ణి. అలా నడుస్తూ నడుస్తూ, ఎప్పుడు మొదలైందో తెలీదు గానీ, ఒక రోజు పరిగెడుతున్నాను. ఎవరూ తరమట్లేదు, ఏ బస్సూ పోవట్లేదు. ఊరికే పరిగెడుతున్నాను. నా అడుగుల చప్పుడు వేరే ఎవరిదో అన్నట్టు వినపడింది.

మర్నాడు సుపేలా బజారుకెళ్లి బూట్లు కొన్నాను. ఎంత బాగా బేరమాడానంటే, విసుగెత్తిన కుర్రాడు లోపల్నించి ఆఖరి జత తెచ్చి నా మొహాన కొట్టి, సగం ధరకి ఇచ్చేశాడు. ఒక సైజు చిన్నది. గెలిచిన వాడు సైజు చూస్తాడా? నెల తిరిగేసరికి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. మా ఆవిడ దాన్ని చూసి, "గోరు ఖరీదు కూడా కలుపుకున్నారా?" అంది.

రుఆబాంధా మైదానంలో పొద్దున్నే పరిగెత్తే వాళ్ల గుంపు ఒకటుంది. ఎక్కువమంది ప్లాంట్ నుంచి రిటైరైనవాళ్లు. వాళ్ల పెద్ద ఒకాయన నన్ను ఆపి, చూపులేని మనిషి ఒకాయనకి పక్కన పరిగెత్తే తోడు కావాలన్నాడు. వారానికి ఆరు రోజులు.

"రెండు," అన్నాను.

"ఇది సేవ అండీ, బేరం కాదు."

"సరే, మూడు. ఆఖరి మాట."

మూడు రోజులకి ఒప్పించి, ఆరు రోజులూ వెళ్లాను. నా వ్యాపార జీవితంలో అంత సిగ్గుమాలిన నష్టం ఇంకోటి లేదు.

ఆయన చరోదా యార్డు నుంచి గూడ్స్ బళ్లు నడిపిన రైల్వే గార్డు. కళ్లు క్రమంగా మసకబారి పూర్తిగా పోయాక, ఉద్యోగం ముందే మాని, రైల్వే క్వార్టర్ వదిలి మరోదాలో ఇల్లు కొనుక్కున్నాడు. ఒకసారి మెట్ల మీద పడి మణికట్టు విరిగింది. అప్పట్నుంచి ఆయన ప్రపంచం గేటు లోపలే. జామచెట్టు, నులకమంచం, రేడియో. ఆయన భార్య, చర్చి పాటల బృందంలో పాడే మనిషి, నన్ను మొదటిరోజే గేటు దగ్గర నిలబెట్టి తేల్చి చెప్పింది:

"చూడండన్నయ్యా. ఈయన జనవరిలో టౌన్‌షిప్ పరుగులో చాతీ మీద నంబరు కట్టుకుని పరిగెత్తాలంటన్నారు. సరే, పరిగెత్తమనండి. కానీ ఒక్కపాలి పడ్డారంటే ఇంక గేటు దాటనివ్వను. మీరు బేరాలాడతారని విన్నాను. నా దగ్గర ఆడకండి."

ఫిక్స్‌డ్ రేట్ బోర్డు పెట్టిన దుకాణాలంటే నాకు భయం. తలూపి ఊరుకున్నాను.

ఇద్దరి మధ్య మూరెడు నవారు ముక్క. ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో. మొదటి వారం ఇద్దరం ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకున్నాం. తర్వాత ఊపిరి కలిసింది. మైదానం నుంచి బయల్దేరి, క్వార్టర్ల మధ్యగా, మరోదా రిజర్వాయర్ గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లం.

"జీవితమంతా బండి తోకలో కూర్చున్నాన్రా సేఠూ," అనేవాడు. "నాకు తెలిసిందల్లా వెనక్కి పోయీవే. ఊళ్లు పోయీవి, చెట్లు పోయీవి. ముందర ఏటొస్తాదో డ్రైవరుకే ఎరుక. ఇప్పుడు నువ్వు చెప్పీ. ఏటున్నాది ముందర?"

అడిగితే చెప్పకుండా ఉండగలనా? సరుకు గురించి చెప్పమంటే నాకు నోరు ఆగదు. మొదట ఉన్నవే చెప్పాను. మంచు, పాలవాడి సైకిలు, తీగ మీద చిలకలు. ఆయన మొహం చూశాను. గిన్నె నచ్చిన ఇల్లాలి మొహంలా ఉంది. ఇంకేముంది, కొంచెం మెరుగు పెట్టాను. రెండు చిలకల్ని గుంపు చేశాను. గట్టు మీద కొంగ ఒకటి ఉంటే నాలుగు నిలబెట్టాను. ఒక రోజు రిజర్వాయర్ నీళ్ల మీద తామరలు పూయించాను. అక్కడ నాచు తప్ప ఏమీ లేదు. ఎర్రవి, విచ్చీ విచ్చనివి, ఒకదాని మీద తూనీగ కూడా. ఆయన పరుగు నెమ్మదించి, ముక్కు ఎగబీల్చి, "అవున్రా, వాసనొస్తంది," అన్నాడు.

నిజం చెప్పాలంటే నాక్కూడా వచ్చింది. ఆ చలికాలమంతా మేమిద్దరం సగం ఉన్న రోడ్డు మీదా, సగం లేని రోడ్డు మీదా పరిగెత్తాం. ఏ సగం ఎక్కడ మొదలవుతుందో నాకే గుర్తుండేది కాదు. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏమిటి ఒంటరిగా నవ్వుకుంటున్నారు?" అని అడిగితే, ఏదో కలలోంచి లేచినవాడిలా చూసేవాణ్ణి. దుకాణం ఏ వైపుందో కూడా మరిచిపోయాను. ఈ మాట తమ్ముడికి చెప్పకండి.

గార్డుబాబు కూడా మారాడు. గేటు దగ్గర బూట్లేసుకుని ముందే నిలబడేవాడు. ఒక నిమిషం ఆలస్యమైతే తిట్లు: "ఏటి సేఠూ, ఎక్స్‌ప్రెస్సా, పాసింజరా? ఎక్కడ ఆగిపోనావు?" పరుగుకి పేరిచ్చి నంబరు కూడా ముందే తెచ్చుకున్నాడు. ఆ గుడ్డముక్కని రోజూ వేళ్లతో తడిమి, "ఇదేటంకె, చెప్పీ," అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా వినేవాడు.

ఆ ఆదివారం మంచు బాగా దట్టంగా ఉంది. గట్టు దగ్గరి మలుపులో పైపుల కోసం రోడ్డు తవ్వి, పైన కంకర పోసి వదిలేశారు. నాకు కనిపించింది.

"ఏటున్నాది ముందర?"

"ఏమీ లేదు గార్డుబాబూ. అద్దంలా ఉంది. పదండి."

చెప్పకుండానే నవారు కొంచెం నా వైపు లాగి, పక్కనుంచి దాటించేద్దామనుకున్నాను. మంచి ఊపులో ఉన్నాడు, పాడుచెయ్యడం దేనికి? ఏళ్లతరబడి నేను చేసింది అదే పని. సొట్టపడ్డ బిందె వస్తే వెనక్కి పంపం. సొట్ట ఉన్న వైపు గోడకి తిప్పి పెడతాం. అబద్ధమేమీ ఆడం. కొనేవాడు బిందె ఎత్తి, తిప్పి చూసుకోవాలి. అది అతని పని, మార్కెట్ ధర్మం. గార్డుబాబు తిప్పి చూసుకోలేడన్న ముక్క నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

ఆయన కాలు కంకరలో దిగింది. నవారు నా చేతిలోంచి జారిపోయింది.

మోకాలు చీరుకుపోయింది, రెండు అరచేతులూ దోక్కుపోయాయి. ఎముకలు విరగలేదు. రోడ్డు మీద కూర్చుని, ఒక కంకరరాయి వేళ్ల మధ్య తిప్పాడు. తర్వాత అడిగాడు:

"కంకర నీకు కనపడ్డాదా?"

"కనపడింది."

"మరి ఆ తామరపూలు?"

ఎంత చిన్న ప్రశ్న. దానికి సమాధానం ఎంతకైనా తగ్గించి చెప్పొచ్చు. కొన్ని ఉన్నాయనొచ్చు, మొన్నటిదాకా ఉండేవనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"లేవు," అన్నాను.

"తూనీగ?"

"లేదు."

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. లేపి నిలబెట్టి, భుజం మీద చెయ్యి వేయించుకుని నడిపించుకొచ్చాను. దారిలో ఆయనే అన్నాడు, "ఇంట్లో చెప్పకు. గేటు దగ్గర రాయి తగిలిందందాం. జనవరికి ఎన్నో రోజులు లేవు సేఠూ."

అది మంచి బేరం. ఇద్దరికీ లాభం. ఒప్పుకుంటే పరుగు నిలబడుతుంది.

ఆవిడ చర్చికి తయారై, తెల్లచీరలో, పాటల పుస్తకం పట్టుకుని గేటు దగ్గరే ఉంది. మోకాలు చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఏటయిందన్నయ్యా?"

"రోడ్డు తవ్వి ఉందమ్మా. నాకు కనపడింది. బాగుందని చెప్పాను. పడ్డారు."

భుజం మీద ఆయన చెయ్యి బిగిసింది. "ఓరి నీ అమ్మ కడుపు మాడ, సేఠూ," అన్నాడు మెల్లగా.

ఆవిడ గొంతు పెంచలేదు. గిన్నెతో నీళ్లు తెచ్చి, మోకాలు కడిగి, ఆయన చేతిలో ఇంకా వేలాడుతున్న నవారు ముక్క తీసుకుని చుట్టచుట్టి, కిటికీ మీద పెట్టింది. "నేను ముందే చెప్పేను కదా," అంది. అంతే. చర్చికి వెళ్లిపోయింది. ఫిక్స్‌డ్ రేట్.

జనవరి పరుగు మేమిద్దరం లేకుండానే జరిగింది. ఆయన లేకుండా అందులో పరిగెత్తబుద్ధి కాలేదు. గుంపు పెద్ద నన్ను గట్టు దగ్గర నీళ్ల బల్ల దగ్గర నిలబెట్టాడు. ఏదైనా ఊరికే ఇవ్వడం నా చేతికి ఇంకా అలవాటవలేదు, గ్లాసు ఇచ్చాక అరచెయ్యి దానంతటదే చాచుకుని ఉండేది. ఒక కుర్రాడు రొప్పుతూ ఆగి, "అంకుల్, ఔర్ కిత్నా?" అని ఇంకెంత దూరమో అడిగాడు. దగ్గరే, ఇదిగో వచ్చేసింది అని అందరూ చెప్తారు. నేను ఇంకా సగం ఉందని చెప్పాను. వాడు నీళ్లు సగం తాగి, గ్లాసు నా చేతిలో పెట్టి, హిందీలో ఒక మాట అనేసి పోయాడు. సబబే.

రోజూ పొద్దున్న నేను వాళ్ల వీధి మీంచే పరిగెత్తేవాణ్ణి. గేటు లోపల రేడియో వినపడేది. ఆగేవాణ్ణి కాదు. వింటున్న మనిషి దగ్గర రేడియో మోగడం వేరు, మనిషి లేనట్టు రేడియో మోగడం వేరు. ఇది రెండో రకం.

మోదుగలు పూసే రోజుల్లో ఆవిడే ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఈయన వార్తలు చదివే మనిషితో దెబ్బలాడతన్నారు. నేను పడలేకపోతన్నాను. నడకకి తీసుకెళ్లండి. పరుగు వద్దు. నడక."

"రోజూనా అమ్మా?"

"రోజూ."

ఈసారి సంఖ్య గురించి మాట్లాడలేదు.

మొదటిరోజు ఇద్దరం మలుపు దాకా నడిచాం. "ఎడమపక్క గుంట," అన్నాను. "కుక్క పడుకుంది. స్పీడ్‌బ్రేకర్. రిజర్వాయర్లో నీళ్లు బాగా తగ్గాయి, బురద కనపడుతోంది, ప్లాస్టిక్ కవర్లు." ఎంత బీద సరుకు. ఎవరు కొంటారు? ఆయన ఊఁ కొడుతూ నడిచాడు.

తర్వాత మోదుగచెట్టు వచ్చింది. ఆకు లేకుండా, నిలువునా పూసి ఉంది. నిజంగానే. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడానికి మాటలు దొరక్క, కిందికి వంగిన కొమ్మ నుంచి ఒక పువ్వు తుంచి ఆయన చేతిలో పెట్టాను. రేకులన్నీ తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన లేదని తెలుసుకున్నాడు.

"ఒక్క పువ్వు చేతిలో పెట్టి చెట్టు నిండా ఉందంటే నమ్మీమంటావేటి?"

"నమ్మొద్దు. కొమ్మ అందుతుంది, తడుముకోండి."

తడుముకున్నాడు. చాలాసేపు.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. ఇంకా నడకే, పరుగు లేదు. వచ్చే జనవరి సంగతి ఆవిడ ఎత్తదు, మేమూ ఎత్తం. నంబరు గుడ్డ ఎక్కడుందో నేనడగలేదు. నా చిన్నసైజు బూట్లు గుంపులో ఒకాయనకి సరిపోతే ఇచ్చేశాను, ఊరికే. దుకాణం తమ్ముడు నాకంటే బాగా నడుపుతున్నాడు, ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది.

గార్డుబాబు మళ్లీ తిడుతున్నాడు, మళ్లీ ఎక్స్‌ప్రెస్సా పాసింజరా అంటున్నాడు. అన్నీ సర్దుకున్నట్టే ఉంటుంది. కానీ రోడ్డు నిజంగా నున్నగా ఉన్నచోట "నున్నగా ఉంది" అని నేనంటే, ఆయన కాలు గాల్లో ఒక్క క్షణం ఆగుతుంది. వేలికొసతో నేల తాకి చూసుకుంటుంది. అప్పుడే దిగుతుంది. ఆ క్షణం నా ఖాతాలోది. దాన్ని తగ్గించమని నేనింతవరకూ అడగలేదు.