మార్తమ్మ మాగబెట్టిన బేరికాయలు

మొన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర తోపుడుబండి మీది బేరికాయల వాసన తగిలి ఆగిపోయాను. పక్కనే ఒక పెద్దమనిషి ఒక్కో కాయనూ కడుపు మీద బొటనవేలితో నొక్కి, పెదవి విరిచి, మళ్ళీ కుప్పలో పడేస్తున్నాడు. ఒళ్ళు మండింది. "అయ్యా, అది పండా, కాలింగ్ బెల్లా?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. బేరికాయ లోపలినుంచి మాగుతుంది. కడుపు మెత్తబడిందంటే లోపల అప్పటికే చెడిపోయినట్టు. తొడిమ దగ్గర, మెడ మీద మెల్లగా వేలు ఆనించి చూడాలి. ఈ సంగతి నాకు నేర్పింది మార్తమ్మ.

తొంభైలలో ఆత్మకూరులోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె పెద్ద నర్సు, నేను కాంపౌండరుని. ఆమెది ఉదయగిరి. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో దూది ఉండ కూడా ఇంటికి తీసుకుపోని మనిషి. నేనేమో ఉదయగిరి కొండ మీద చిరుతపులికి పిప్పిపన్ను పీకానని, అది ఇప్పటికీ నెలకోసారి వచ్చి చూపించుకుని పోతుందని పేషెంట్లకు చెప్పే రకం. "నీ నోటికి కట్టు కట్టాలంటే మన స్టాకులో ఉండే గుడ్డ చాలదు అబ్బయా," అనేది మార్తమ్మ.

ఒకసారి కొండాపురం వైపు భూములున్న ఆసామి ఒకాయన తల్లిని మా దగ్గర చేర్పించి, ఆమె కోసం మద్రాసు నుంచి బుట్టెడు బేరికాయలు తెప్పించాడు. ఒకటి కొరికి, "రాళ్ళు అమ్మినాడు దొంగ నా కొడుకు!" అంటూ బుట్టను తీసుకుపోయి పెరట్లో చెత్త డ్రమ్ములో కుమ్మరించాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన వెళ్ళాక మార్తమ్మ వాటిని ఏరి, కడిగి, తుడిచింది. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో కొండల మీది మిషన్ ఆసుపత్రిలో పనిచేసిందట. అక్కడ పెరటి నిండా ఈ చెట్లే. "ఇది చెట్టున పండే జాతి కాదురా. గట్టిగా ఉండేదే మంచి కాయ. తొడిమ ఊడిందీ, దెబ్బ తగిలిందీ పక్కన పెట్టు. ఒకటి చెడితే అన్నింటినీ చెరుపుతాది," అంటూ మంచివాటిని ఒక్కొక్కటే పాత పేపర్లో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా, తొడిమ పైకి ఉండేట్టు సెలైన్ అట్టపెట్టెలో పేర్చి బీరువా కిందికి తోసింది.

నాలుగో రోజుకు వార్డంతా వాసన. వచ్చేపోయేవాళ్ళంతా పెట్టె తెరిచి కాయలు నొక్కడం మొదలుపెట్టారు. ఆ వేళ్ళను ఆపడానికి నేనొక కోత కోశాను: "అవి డాక్టరుగారికి లండన్ నుంచి వచ్చినాయి. ముట్టుకుంటే వేలు వాచిపోతాది!"

ఆరో రోజు మార్తమ్మ ఒక కాయ మెడ మీద వేలు పెట్టి చూసి, తలూపింది. చెక్కు తీసి, నాలుగు ముక్కలు కోసి, గింజలూ నడిమి గట్టిభాగమూ తీసేసి, నల్లబడకుండా ఉప్పునీళ్ళలో ముంచి, ఇడ్లీపాత్రలో ఆవిరికి పెట్టింది. పైన పటికబెల్లం పొడి చల్లి, కలువాయి నుంచి వచ్చిన పెంచలమ్మ మంచం దగ్గరికి తీసుకుపోయింది. పెంచలమ్మ కూలి చేసుకునే ముసలామె. గొంతులో పుండ్లు పడి మూడు రోజులుగా గంజి కూడా మింగలేదు. మొదటి ముక్క కళ్ళు మూసుకుని మింగింది. "ఇంకోటుండాదా నర్సమ్మా?" అని అడిగింది. రెండో ముక్క నోట్లో పెట్టుకునేసరికి ఆసామి వచ్చాడు.

"ఇవి మా కాయలే! మా అమ్మకు తెచ్చినవి దొంగిలించి కూలోళ్ళకు పెడతా ఉండావా?"

"మీరే చెత్తలో పారేసినారు నాయనా," అంది మార్తమ్మ.

"నేనా? ఎవడు చూసినాడు?"

"నేను చూసినాను," అన్నాను ముందుకొచ్చి.

ఆసామి పగలబడి నవ్వాడు. "మొన్న లండన్ అంటివి, ఈరోజు చెత్త డ్రమ్మంటావా? పులికి పన్ను పీకినోడు సాక్షి అంట!"

వార్డంతా నవ్వింది. పెంచలమ్మ మాత్రం నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలియక బిక్కచచ్చి చూస్తోంది. డాక్టరు వచ్చి, "ఎందుకమ్మా గొడవ, ఒకసారి నీ సంచీ తెరిచి చూపించు, సరిపోతుంది," అన్నాడు. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషితో! మార్తమ్మ సంచీని బల్ల మీద బోర్లించింది. బైబిలు, కళ్ళజోడు, ఖాళీ అన్నం గిన్నె. అవి సర్దుకుని, బేరికాయల పెట్టెను ఆసామి ముందుకు జరిపి, ఉదయగిరి బస్సెక్కింది. డాక్టరు రెండుసార్లు కబురు పెట్టినా మళ్ళీ రాలేదు. ఆ ఆసామి ఏం చేశాడో తెలుసా? తాను పారేసిన కాయనే అక్కడ నిలబడి, రసం మోచేతి దాకా కారుతుండగా తిన్నాడు. తిని, "బాగుండాది," అన్నాడు! ఇది మాత్రం కోత కాదు.

వారం తర్వాత ఉదయగిరి వెళ్ళాను. మార్తమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "నా కోతల వల్లే అక్కా నీకీ మాట వచ్చింది. నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మలేదు," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "నీ కోతలు కోతలే, కాదనను. అయినా నువ్వు హరిశ్చంద్రుడివైనా వాళ్ళు నమ్మరు అబ్బయా. కాయలు పారేసిన ఆయప్ప సంచీ ఎవురన్నా తెరవమన్నారా? ముందు మనిషిని చూస్తారు, ఆ తర్వాతనే సంచీ."

ఓదార్పు కోసం పోయినవాణ్ణి కోపం తెచ్చుకుని బస్సెక్కాను. అది ఇప్పటికీ చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. కోతలు కోయడం మానలేదు. కానీ కొట్లోనో పెళ్ళింట్లోనో ఏదో కనిపించలేదని పనిచేసే మనిషిని సంచీ విప్పమంటే మాత్రం లేచి నిలబడతాను. ముందుగా నా సంచీ బోర్లిస్తాను. ఆ తర్వాత అడిగిన పెద్దమనిషి వైపు తిరిగి చెయ్యి చాస్తాను.

"ఇప్పుడు తమది."