కూడికలో చెప్పిన మాట

దేవునికి స్తోత్రం. మా ఇంటి మగ్గాన్ని ఇంతవరకు ఆగనివ్వని దేవునికి, ఎవరికీ చెప్పుకోలేని మాటను కూడా ఓపికగా వినే తండ్రికి స్తోత్రం. ఆయనను స్తుతించకుండా ఈ సంగతి మొదలుపెడితే నా నోట ముందు శాపమే వస్తుందని భయం.

మాది ఎమ్మిగనూరు. నా భర్త నేతగాడు. గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకుని, స్తుతిపాటలు పాడుకుంటూ నేసేవాడు. చేతికి ఫోను వచ్చాక పాట ఆగిపోయింది. మగ్గం పక్కనున్న గూట్లో ఫోను నిలబెట్టి వీడియోలు చూస్తూ నేయడం మొదలుపెట్టాడు. ఒకటి అయిపోకముందే ఇంకొకటి. పోగు తెగినా గమనించేవాడు కాదు. అంచు తప్పిన చీరను సావుకారి తిప్పి పంపాడు. తినేటప్పుడు ఫోను, కక్కసుకు పోయినా ఫోను. నిద్ర లేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, మెడ పట్టేసింది, చిన్న మాటకే పిల్లల మీద చెయ్యెత్తేదాకా వచ్చింది. ఒకరోజు మగ్గం మీదనే కళ్ళు తిరిగి ఒరిగిపోయాడు. ఆదోనిలో డాక్టరు చూసి, బీపీ బాగా పెరిగిందని మాత్రలు రాసి, "ముందు ఆ ఫోను పక్కన పెట్టప్పా. నువ్వు నిద్రపోతే సగం రోగం పోతాది" అన్నాడు.

ఆ మాట పనిచేసింది. ఇంటికి రాగానే ఫోను నా చేతిలో పెట్టి, "పెట్టెలో ఏసి బీగమెయ్. నేనడిగినా ఇయ్యొద్దు" అన్నాడు. మొదట్లో చెయ్యి ఊరికే జేబు తడుముకునేది. చిరచిరలాడేవాడు. తనే ఒకనాడు, "నా కోసరం ప్రార్థన చెయ్" అన్నాడు. మా స్త్రీల ప్రార్థన కూడికలో చెప్పుకోనా అని అడిగాను. "సెప్పు. ఆడ సెప్పింది ఆడనే ఉంటాది కదా" అన్నాడు.

మా స్త్రీల కూడిక వారానికొకరి ఇంట్లో, మధ్యాహ్నం పూట జరుగుతుంది. కొంగు తలమీద కప్పుకుని అందరం కళ్ళు మూసుకుంటాం. భారం ఉన్నవాళ్ళు దాన్ని ప్రార్థనలోనే, దేవునితోనే, పైకి చెప్పుకుంటారు. మిగతావాళ్ళు ఆ మొరకు గొంతు కలుపుతారు. ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవరు. అక్కడ విన్నది కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదని మా కట్టుబాటు. ఒక సహోదరి తన కడుపుకోత చెప్పుకుంది, ఇంకొకామె మొగుడి తాగుడు చెప్పుకుంది. ఏదీ ఆ గడప దాటలేదు.

ఆ రోజు నేనూ చెప్పుకున్నాను. ఏదీ దాచలేదు.

నా పక్కన కూర్చున్నది నా ప్రార్థన జత. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినప్పుడు ఆమెకు వాక్యం చదవడం నేర్పింది నేనే. నన్ను అక్కా అంటుంది. ఈమధ్య పాటలు పాడి ఫోనులో పెట్టడం అలవాటు చేసుకుంది. ఎంతమంది చూశారో చూసుకుంటూ అన్నం కూడా మరిచిపోతున్నానని, తలనొప్పి పోవడం లేదని తనే చెప్పేది. దానికోసం కూడా ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించాను.

తర్వాత నేనూ నా భర్తా ఆదోనికి పోయి డాక్టరుకు మళ్ళీ చూపించుకున్నాం. బీపీ దిగింది. తిరుగుబస్సులో నా భర్త చాలా రోజులకు కూనిరాగం తీస్తున్నాడు. అప్పుడు ముందు సీటులోంచి నా గొంతు వినబడింది.

"తండ్రీ, కక్కసులో కూడా ఫోను ఇడవడం లేదయ్యా, పిల్లోళ్ళ మీద చెయ్యెత్తినాడయ్యా..."

ముందు కూర్చున్న ఇద్దరు మగవాళ్ళు ఒకే ఫోనులోకి చూస్తున్నారు.

"సూడు మామా ఆయప్ప సంగతి. యాడికి పోయినా ఫోనేనంట."

"నీ పెండ్లాం కూడా ఇట్లే ఏడుస్తాంటాది లే. బస్సెక్కినప్పటి నుంచి నువ్వేం సూస్తాండావు?"

ఇద్దరూ నవ్వుకుని మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. నా భర్త ముందుకు వంగి చూశాడు. తెరమీద కళ్ళు మూసుకుని ఏడుస్తున్న నన్ను చూశాడు. తర్వాత పక్కన కూర్చున్న నన్ను చూశాడు. ఊరు రాగానే దిగి నాకన్నా ముందు నడిచిపోయాడు.

మా కూడికలో వీడియోలు పెట్టేది నా ప్రార్థన జత ఒక్కతే. నేను నేరుగా ఆమె ఇంటికి పోయాను. పొయ్యిమీద అన్నం మాడు వాసన వస్తోంది. ఆమె ఫోను చూసుకుంటూ గడపలో కూర్చుంది.

"అక్కా, రా. ఎంతమంది ఆమెన్ పెట్టినారో సూడు. నీ కన్నీళ్ళు ఊరికే పోలేదు."

"నన్నెందుకు తీసినావు?"

"నిన్ను తీయల్లని కాదక్కా. పాట కోసరమని ఫోను కిటికీలో పెట్టింటి. నీ ప్రార్థన సూసినాక నాకే ఏడుపొచ్చె. ఫోను పిచ్చోళ్ళ ఇండ్లలో ఎందరికి ఆదరణ అయితాదో కదా అని పెట్టినా."

"తీసెయ్."

"తీస్తాలే. ఆదివారం దాకా ఉండనీక్కా. నా పాట ఒక్కటీ ఇంత పైకి పోలేదు."

ఈ మాట అంటున్నప్పుడు కూడా ఆమె బొటనవేలు తెరమీద కదులుతూనే ఉంది. భోజనపు బల్ల దగ్గర పక్కన కూర్చున్నవాడే ప్రభువును శత్రువులకు అప్పగించాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. వినడం వేరు. నేను గడపలోంచి కదలకపోతే చివరికి తీసేసింది. అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పెట్టె బీగం పగిలి ఉంది. ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఫోను చూస్తున్నాడు.

"నేను దేవునికే చెప్పినాను" అన్నాను.

"దేవుడు విన్యాడో లేదో నాకు తెలీదు. ఊరు వినింది. ఇంక నాకేం సిగ్గు" అన్నాడు తల ఎత్తకుండా.

మాత్రలు వేసుకోవడం మానేశాడు. నిద్ర మళ్ళీ పోయింది. ఆదివారం ఆరాధనకు రమ్మంటే గోడవైపు తిరుగుతాడు. సంఘ పెద్దలు ఆమెను పిలిచి మాట్లాడారు, ఆమె ఏడ్చింది, క్షమించమంది. సరే అన్నాను. నాలుకతో అన్నాను. కూడికకు పోతున్నాను కానీ, నా వంతు వచ్చినప్పుడు వానల కోసం, పంటల కోసం ప్రార్థించి ఊరుకుంటున్నాను.

ఇది చదివేవాళ్ళు ఒక్క నిమిషం ప్రార్థనలో నాతో ఏకీభవించండి. మా పేర్లు మీకు అక్కర్లేదు, తండ్రికి తెలుసు. ప్రభువా, ఈ మనిషికి నిద్ర ఇయ్యి. రేపు పొద్దున ఆ మాత్ర నా చేతి నుంచి తీసుకునేలా చెయ్యి. ఆ చెల్లెలి కోసం నేనింకా నోరు తెరవలేకపోతున్నాను. ఆమె కోసం మీరు ప్రార్థించండి.