జలపతి మామ రంగుల తనిఖీ

జలపతి మామ ఎవరినైనా కలిస్తే "బాగున్నవా" అని అడగడు. "గిది ఏం రంగు?" అని అడుగుతాడు. చేతికి ఏది దొరికితే అది చూపిస్తాడు. గొడుగు కావచ్చు, బస్సు టికెట్టు కావచ్చు, ఒక్కోసారి ఎదుటివాడి కంచంలో పప్పు కూడా కావచ్చు.

వరుసకు మా అమ్మకు తమ్ముడు. ముప్పై ఏళ్లు సిరిసిల్లలో నూలుకు రంగులద్ది, ఆ పని మానేశాక కోరుట్లలో మా పక్కింట్లోకి వచ్చి చేరాడు. ఎరుపు అని జవాబు చెబితే వదిలిపెట్టే మనిషి కాదు. "ఏం ఎరుపు? పండు మిరపనా, కుంకుమనా, ఇటుకనా?" అది తేలాకే దారి ఇస్తాడు. కిరాణా కొట్టు కనకయ్య అయితే మామ వీధి మలుపు తిరగగానే పసుపు డబ్బా కౌంటరు కింద దాచేసేవాడు.

సకల జనుల సమ్మె రోజుల్లో కోరుట్ల చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు, పక్కన మైకు. నాయకుడు ఆవేశంగా మాట్లాడుతుంటే మామ జెండాల కింద నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఏమైందే కాకా?" అన్నాడు నాయకుడు, మైకు పక్కకు పెట్టి.

"జెండాలు మూడు తీర్ల గులాబున్నయి. ఒకటి ఎండకు పోయింది, ఒకటి ఉతుకుడుకు పోయింది. మూడోది అసలు గులాబే కాదు."

"తెలంగాణ రానియ్యి, అన్నీ ఒక్క రంగు ఏపిద్దాం."

"అద్దకం నాకే ఇయ్యాలె మరి," అని మాట తీసుకున్నాకే మామ అన్నం పళ్లెం పట్టుకున్నాడు.

ఆ సమ్మెలోనే నేను కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. నాది పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే పని. ఆన్ చేసి చూస్తే రంగులన్నీ నీళ్లు కలిపినట్టున్నాయి. నేనింకా కళ్లు నులుముకుంటుండగానే మామ గుమ్మంలో ఉన్నాడు.

"దివాకరూ, గా కార్డుది ఏం రంగు?"

"ఎరుపు మామా."

"ఎరుపు పానంతోని ఉన్నప్పుడు ఎట్లుంటదో యాదికున్నదా నీకు?"

రెండు రోజులు కుస్తీ పట్టాం. వెలుతురు పెంచితే పెళ్లికూతురు మాయమై నగలు మాత్రం మిగిలాయి. రంగుల సెట్టింగు కాస్త జరిపితే పెళ్లికొడుకు పచ్చగా అయిపోయాడు. "పిలగాడు కాకరకాయ లెక్కైండు. గీయనకు పిల్లనెవరిస్తరు?" అంటూ మామ ఇంటికి వెళ్లి, తన చేత్తో అద్దిన నూలు ఉండలు సంచీ నిండా తెచ్చాడు. ఒక్కొక్క ఉండా తెర పక్కన పట్టి చూసి నిట్టూర్చేవాడు.

బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండడంతో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ల్యాప్‌టాప్ ఎప్పుడూ బ్యాటరీ మీదే నడుస్తోంది. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు రాగానే చార్జర్ పెట్టాను. కార్డులోని ఎరుపు ఉన్నట్టుండి లేచి కూర్చుంది. చార్జర్ పీకితే మళ్లీ పడుకుంది.

"బ్యాటరీ పొదుపు కోసం అదే రంగులు తగ్గిస్తున్నది మామా," అన్నాను.

"పొదుపు జేసేటందుకు రంగులే దొరికినయా దీనికి?"

ఆ పొదుపు సెట్టింగు తీసేశాను. తర్వాత మామ నూలు ఉండ చూపించడం, నేను తెర మీద రంగు దానికి సరిపెట్టడం. రెండు గంటలకు "గిది కుంకుమ" అన్నాడు మామ. పరీక్షకు నా భార్య శ్రీలతను పిలిచాడు. ఆమె కూడా కుంకుమే అంది. అరుగు మీద బీడీలు చుడుతున్న అమ్మను పిలిచాడు.

అమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. "దీని మీద చాయ్ ఒలికినట్టున్నది. కొత్తది గిట్లనే ఉంటదా?"

నేను నవ్వాను. మామ నవ్వలేదు, వాదించనూ లేదు. సంచీలోంచి రెండు ఉండలు తీసి, "అక్కా, గీ రెండిట్ల నీలం ఏది?" అన్నాడు. అమ్మ నలుపు పట్టుకుంది.

"మబ్బు పట్టింది గద, కనబడుత లేదు," అంది. బయట ఎండ మండిపోతోంది.

"నీ మిషిని మంచిగైంది దివాకరూ. ఇగ అక్క కండ్లు చూపియ్యాలె."

"నా కండ్లకేమైంది? దినాం బీడీలు సుడుతలేనా?" అంది అమ్మ.

"సగం బీడీలు వాపసొస్తున్నయి," అంది శ్రీలత మెల్లగా. "కండ్లు ఆనుత లేవంటే కార్ఖానోళ్లు బీడీ ఆకు ఇయ్యరని, ఎవ్వలకు చెప్పొద్దన్నది."

అమ్మ తల దించుకుంది. మామ ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకు గిట్లనే అయిందక్కా. నేను నీలం అద్దిన అంటుంటి, అందరు మురికి ఆకుపచ్చ అనిరి. రెండేండ్లు కొట్లాడిన వాళ్లతోని. కండ్లల్ల పొర వచ్చిందని చెప్పినోళ్లు లేరు. తెలిసి ఆపరేషన్ చేయించుకునేసరికి పని పోయింది."

అప్పుడు నాకు వెలిగింది. మామతో రంగుల గురించి జగడమాడిన మా వీధి దుర్గవ్వ, పోచమ్మ, కిరాణా కనకయ్య, ముగ్గురూ ఆ తర్వాత జగిత్యాలలో కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. తీసుకుపోయింది మామే.

"అంటే అందరిని రంగులడిగేది గిందుకేనా మామా?"

"సగం గిందుకే. సగం మీకెవ్వలకు రంగులు తెల్వక."

సమ్మెతో జగిత్యాలకు బస్సులు లేవు. మరునాడు మామ అమ్మను మోపెడ్ మీద ఎక్కించుకున్నాడు, వెనక బండి మీద నేను. దారిలో రాస్తారోకో చేస్తున్న పోరగాళ్లు ఆపారు. మామ ఒకడి కండువా పట్టుకుని "గిది ఏం రంగు?" అన్నాడు. "గులాబీ," అన్నారంతా. "మీ కండ్లు మంచిగున్నయి. గీమెవి లేవు, తొవ్వ ఇడువుండ్రి." మోపెడ్‌ను ఇద్దరు ఎత్తి రాళ్లు దాటించారు.

ఆపరేషన్ అయిన మర్నాడు అమ్మ కట్టు విప్పారు. మామ జేబులోంచి నూలు తీసి, "అక్కా, ఏం రంగు?" అన్నాడు.

అమ్మ నూలు వంక చూడలేదు. మామ ముఖంలోకే చాలాసేపు చూసింది.

"తమ్మీ, మీసాలకు రంగేస్తవా? ఒక దిక్కు నల్లగున్నది, ఒక దిక్కు గోరింటాకు పెట్టినట్టున్నది."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జలపతి మామ తువ్వాల ముక్కు దాకా లాక్కుని, అద్దం ఎక్కడుందో వెతుక్కుంటూ బయటికి నడిచాడు.