దీవ్‌లో నా వెంటే తిరిగిన బతుకమ్మ

ఈత రానివాళ్లు సముద్రంలో మునగడం మామూలే. నేను మోకాలి లోతు నీళ్లలో, ఒకే మధ్యాహ్నం, ఒకే ద్వీపం చుట్టూ వేరు వేరు తీరాల్లో నాలుగుసార్లు మునిగాను. ప్రాణం సంగతి కాదు, పరువు సంగతి చెబుతున్నాను. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి పెళ్లయి ఆరు నెలలు. సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర ఒక గదిలో మా కాపురం. ఖటోదరాలో సాంచెల మిస్త్రీగా పని చేసేవాణ్ణి. సాంచె అంటే మరమగ్గం. మా సిరిసిల్ల వైపు పెళ్లయిన మొదటి ఏడు బతుకమ్మ పండుగకు ఆడపిల్లను పుట్టింటికి పంపి తీరాలి. నేను పంపలేదు. "సేఠ్ సెలవు ఇయ్యనన్నడు, నువ్వొక్కదానివే ఎట్ల పోతవు" అన్నాను సరితతో. పచ్చి అబద్ధం. నేను సేఠ్‌ను అడగనే లేదు. పది రోజులు ఆమె లేకుండా ఆ గదిలో ఉండాలన్న ఆలోచనకే నాకు ముద్ద దిగలేదు. ఆ మాట నోటితో చెబితే ఎక్కడ లోకువైపోతానో అని సేఠ్‌ను అడ్డం పెట్టుకున్నాను.

సరిత ఏడ్చింది. తర్వాత మాట్లాడటం మానేసింది. కూరలో ఉప్పు మాత్రం ఆమె తరఫున బాగానే మాట్లాడింది. నాలుగో రోజు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు దీవ్ పోదాం, గదే డయ్యూ. చుట్టూ సముద్రమే. బతుకమ్మను సముద్రంల సాగనంపినోళ్లు మీ ఊర్ల ఒక్కలన్న ఉన్నరా?"

"ఉంటె ఏంది, లేకుంటె ఏంది," అంది సరిత. అన్నదే గాని, కళ్లు కాస్త పైకి లేచాయి. అసలు మాట చెప్పింది. "సక్కగ సాగనంపినవా, సరే. ఏమన్న తేడా వచ్చిందో, తెల్లారి బండెక్కి మా అమ్మ దగ్గరికి పోత. మల్ల ఎప్పుడస్తనో నాకే ఎరుక లేదు."

తోడుగా మా పక్కింటి రాజవ్వ బయలుదేరింది. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో ఉన్న మనిషి. మా గల్లీలో బతుకమ్మ పాట ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు. అత్తమ్మ ఊళ్లోనే ఉండి ఫోన్‌లో వీడియో చూస్తుందని ఏర్పాటు.

ఊరి నుంచి అత్తమ్మ పంపిన తంగేడు, గునుగు, ఇక్కడ కొన్న బంతిపూలు కలిపి సరిత మూరెడు ఎత్తు బతుకమ్మను పేర్చింది. ఎంత అందంగా ఉందంటే, దాన్ని రాత్రంతా బస్సులో తీసుకెళ్లాలంటే నాకే భయమేసింది. అందుకని నా పనితనం చూపించాను. చీర అంచుకు వాడే నైలాన్ దారం కండె ఒకటి తెచ్చాను. గాజులా ఉంటుంది, కంటికి ఆనదు. దాంతో బతుకమ్మ చుట్టూ పాతిక చుట్లు చుట్టి ముడి వేశాను. సాంచెల దగ్గర పనిచేసేవాడు తెగిన పోగు కనిపిస్తే పరుగెత్తి ముడి వేస్తాడు. తెగితే సాంచె ఆగుతుంది, సాంచె ఆగితే సేఠ్ తిడతాడు. ఆ భయం చేతుల్లోకి ఇంకిపోయింది. ముడి వేశాను గానీ దారం తెంపలేదు. కండెను అలాగే నా భుజం సంచిలో పడేసి జిప్ లాగేశాను. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, నేను మాత్రం మరిచిపోయాను.

దీవ్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. మొదట చక్రతీర్థ్. రెండు గుట్టల మధ్య చిన్న తీరం, జనం లేరు. రాజవ్వ పాట అందుకుంది, సరిత చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగింది. ఫోన్‌లో అత్తమ్మ కూడా గొంతు కలిపింది. తర్వాత సరిత బతుకమ్మను నీళ్లలో వదిలింది. నేను సంచి భుజానే ఉంచుకుని మోకాళ్ల దాకా దిగి మెల్లగా ముందుకు తోశాను. సంచిలో బస్సు టికెట్లు ఉన్నాయి మరి, ఒడ్డున పెడితే ఎవడైనా ఎత్తుకుపోడూ. బతుకమ్మ ఊగుతూ ఊగుతూ వెళ్లింది. నేను గర్వంగా వెనక్కి తిరిగి ఒడ్డుకు నడిచాను.

"రమేశా," అంది రాజవ్వ. "గిదేందిరా, నీ ఎంబడే వస్తంది?"

తిరిగి చూస్తే బతుకమ్మ మేకపిల్లలా నా వెనకే వచ్చి కాళ్ల దగ్గర ఆగింది.

"గాలి," అన్నాను పెద్ద నావికుడిలా. "గుట్టల నడుమ గాలి ఎనుకకు కొడ్తది. ఇది జాగ కాదు. ఇంకో జాగకు పోదాం పాండ్రి."

"ఇడ్సిన బతుకమ్మను మల్ల చేతవట్టుడేందిరా," అని రాజవ్వ గొణిగింది. ఫోన్‌లో అత్తమ్మ, "బిడ్డా, పోయిందా?" అని అడిగింది. "పోతదమ్మా," అంది సరిత, నా వైపు చూడకుండా.

రెండోది నాగోవా. గుర్రపు నాడాలా వంగిన తీరం, కొమ్మలు వేసే వింత తాటిచెట్లు, బోలెడు జనం. మళ్లీ పాట. ఈసారి గుజరాతీ ఆడవాళ్లు నలుగురు గర్బా అనుకుని వచ్చి కలిశారు. వాళ్ల అడుగు వేరు, మా అడుగు వేరు, అయినా బాగానే కుదిరింది. చివరికి అందరూ చేతులు జోడించారు. నేను తోశాను. వెనక్కి నడిచాను. నలుగురు గుజరాతీ ఆడవాళ్లూ ఒకేసారి "అరే" అన్నారు. వచ్చింది. ఈసారి ఇంకా చురుగ్గా వచ్చింది.

"ఇది వంపు ఉన్న తీరం," అని మొదలుపెట్టాను. "నీళ్లు గుండ్రంగ తిరిగి..."

"వంపు నీ తలకాయల ఉన్నది," అంది రాజవ్వ. "గౌరమ్మకు కోపమొచ్చింది. మొదటి ఏడు పిల్లను తల్లి దగ్గరికి తోలకపోతివి. మీరు నా బిడ్డను తోలలేదు, నేనెందుకు పోత అంటంది."

సరిత కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నిజంగానే భయమేసింది. రాజవ్వ మాటను నేను కొట్టిపారేయగలను. కానీ ఆ పూలముద్ద నన్నే చూస్తున్నట్టు ఉంది, పైగా సేఠ్ పేరు చెప్పి ఆడిన అబద్ధం గుర్తొచ్చింది.

మూడోది గోమతీమాత. మనిషి జాడ లేదు, నిలువెత్తు అలలు. ఇక్కడైతే లాక్కుపోతుందని నా ధీమా. సముద్రం లాక్కుపోయింది, నా కుడికాలి చెప్పును. బతుకమ్మ మాత్రం అల మీద ఎక్కి వచ్చి నా ఛాతీని గుద్ది, కూలబడ్డ నా ఒళ్లో కూర్చుంది. పాతిక చుట్ల పనితనం మరి, ఒక్క రేకు కదలలేదు.

"తెల్లారి బండి ఎన్ని గంటలకున్నది?" అని సరిత రాజవ్వను అడిగింది. నన్ను అడగలేదు.

ఆటోవాడు జాలిపడి ద్వీపం చివర వణాక్‌బారాకు తీసుకెళ్లాడు. అక్కడ జాలర్ల పడవలు బారులు తీరి ఉన్నాయి. పొద్దు వాలుతోంది. ఒంటి చెప్పుతో దిగాను, తోశాను, తిరిగాను, నడిచాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి చేతిలో పని ఆపి నన్నే చూస్తున్నాడు.

"భాయ్," అన్నాడు ఎంతో మర్యాదగా. "ఫూల్ డాల్‌కే కౌన్‌సీ మఛ్‌లీ పకడ్ రహే హో?"

పూలు ఎరవేసి ఏ చేపను పడుతున్నావని అడుగుతున్నాడు. ఎందుకలా అడిగాడో మాకు అర్థం కాలేదు. ఆయన లేచి వచ్చి, గాలిలో వేలు పెట్టి, ఏమీ లేని చోట ఏదో మీటాడు. అవతల నీళ్లలో బతుకమ్మ తలూపింది. ఇవతల నా సంచి కదిలింది. వలలతో, గాలాలతో బతికే మనిషి కదా, దారం ఎక్కడున్నా ఆయన కంటికి ఆనుతుంది.

సరిత ఆ దారం పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ నా దాకా వచ్చింది. జిప్ సందులో ఇరుక్కున్న దారాన్ని చూసింది. జిప్ తీసి కండెను చూసింది.

"తెంపలేదా నువ్వు?"

"పోగు తెంపుడు... నాకు అలవాటు లేదు."

రాజవ్వ ఇసుకలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఫోన్‌లో అత్తమ్మ, "ఏమైందే, నాకు జెర చెప్పుండ్రి," అని ఒకటే గోల. రాజవ్వ ఆపి ఆపి అంతా చెప్పింది. సరిత నీళ్లలోకి దిగి పాతిక చుట్లూ విప్పింది. బతుకమ్మ మెల్లగా వదులైంది, పూలు విడివడి పడవల మధ్య నుంచి సాగిపోయాయి. ముగ్గురం దండం పెట్టుకున్నాం.

అప్పుడు అత్తమ్మ గొంతు వినిపించింది, చాలా నిదానంగా.

"అల్లుడా, ఒక్క మాట అడుగుత. పూల బతుకమ్మనే ఇడ్వలేకపోతివి. నా బిడ్డను పది రోజులు ఇడ్సి ఉండేటోనివా నువ్వు? పాపం, ఆ సేఠ్‌ను ఎందుకు బద్నాం జేస్తివి?"

సరిత నా ముఖంలోకి చూసింది.

"నిజమేనా?"

"నిజమే. సేఠ్‌ను అడగనే లేదు. నువ్వు లేకుంటె నాకు తోచది."

సరిత పకపకా నవ్వింది. ఆ ఆరు నెలల్లో అంత నవ్వు నేను చూడలేదు. "గా మాట సూరత్‌లనే చెప్తె గిన్ని సముద్రాలు తిరుగుడు తప్పుతుండె గదా. తెల్లారి బండైతె ఎక్కుత. దసరాకు మా అమ్మ దగ్గర ఉండాలె." రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నువ్వు గూడ ఎక్కు."

అరేబియా సముద్రం సాక్షిగా, రాజవ్వ ముందు, ఒంటి చెప్పు మీద నిలబడి నేను ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. ఇకపై ప్రతి ఏడూ పండుగకు ముందు రోజే సరితను బండెక్కిస్తాను, కిటికీ దగ్గర నిలబడి నవ్వుతూ చేయి ఊపుతాను, ఏ సేఠ్ మీదా నెపం పెట్టను. నేటి వరకు మాట తప్పలేదు. మూడో రోజుకల్లా నువ్వూ బండెక్కి అక్కడ తేలుతున్నావు కదా అంటారా, తేలకూడదని ప్రతిజ్ఞలో ఎక్కడా లేదు.