ఆరని తడిగుడ్డ

దయ్యాల మాట ఎత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. ఈరోజుకీ నమ్మకం లేదు. కానీ పోయిన చలికాలం మా ఇంట్లో జరిగిన ఒక్క సంగతి మాత్రం ఎంత ఆలోచించినా తెగలేదు.

నాన్నకు గొంతు ఆపరేషన్ అయింది. ఊపిరి ఆడటానికి మెడ దగ్గర చిన్న గొట్టం పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మరీ మరీ చెప్పిన మాట ఒకటే: గదిలో గాలి పొడిబారకూడదు. పొడిబారితే కఫం గట్టిపడి గొట్టానికి అడ్డం పడుతుంది.

అమీర్‌పేటలో మాది నాలుగో అంతస్తు. దుమ్ముకు భయపడి కిటికీలన్నీ మూసే ఉంచుతాం. లోపల గాలి ఎంత పొడిగా ఉండేదంటే, ఆరేసిన చేతిరుమాలు కాసేపటికే పెళపెళలాడేది. నా మడమలు పగిలి మండేవి. గదిలో ఆవిరి వదిలే మిషను పెట్టాం. అది ఆగితే, తడిపి గట్టిగా పిండిన పల్చటి గుడ్డ గొట్టం మీద వేయాలి. అరగంటకోసారి మళ్లీ తడపాలి.

పంజాగుట్టలో ఆఫీసుకు సెలవు పెట్టి నేనే చూసుకున్నాను. సాయానికి యూసుఫ్‌గూడ నుంచి సుజాత అనే ఆయా వచ్చేది. మూడు వారాలయ్యేసరికి నిలబడే కునుకు తీసే స్థితికి వచ్చాను.

ఆ మధ్యాహ్నం సుజాత ఏదో పనుండి ఇంటికి వెళ్లింది. ఆమె వెనకే తలుపు గడియ వేసి, నాన్న మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. మిషను నడుస్తోంది. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

మెలకువ వచ్చేసరికి నాలుగు దాటింది. మిషను ఆగిపోయి ఉంది. రెండింటికే కరెంటు పోయిందని అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజ్. గబుక్కున లేచి మంచం మీదికి వంగాను.

నాన్న మాత్రం హాయిగా ఊపిరి పీలుస్తున్నాడు. గొట్టం మీద గుడ్డ ఉంది. తాకితే చల్లగా, అప్పుడే పిండి వేసినట్టు తడిగా ఉంది. నేనైతే ప్లాస్టరుతో అంటిస్తాను. దీనికి మెడ వెనక దారంతో ముడి వేసి ఉంది. ఆయన తల ఎత్తాలంటే నాకూ సుజాతకూ ఇద్దరికీ కష్టమే.

గొట్టం వల్ల మాట రాని నాన్న పక్కనున్న పలక అందుకుని రాశాడు: "ఆమె పోయిందా?"

వెళ్లి తలుపు చూశాను. గడియ వేసింది వేసినట్టే ఉంది. ఐదింటికి సుజాత వచ్చి తడితే నేనే తీశాను.

అంతా విని, "నిద్రల నువ్వే పెట్టి మర్చిపోయినవ్ అక్కా. మస్తు అలసిపోయినవ్, జర పండుకో" అంది.

అదే నమ్మాలని చూశాను. కానీ ఆ ముడి ఎలా వేయాలో నాకు రాదు. విప్పడం ఇద్దరికీ చేతకాక చివరికి కత్తిరించాం.

ఎండలు మొదలయ్యాక గొట్టం తీసేశారు. బొంగురుగానైనా నాన్న గొంతు తిరిగొచ్చింది. ఒకరోజు టీ తాగుతూ, అన్నాళ్లూ అడగడానికి జంకిన మాట అడిగాను, ఆవేళ వచ్చింది ఎవరని.

"నాకేం ఎరుక బిడ్డా. నీ ఆఫీసు దోస్తేమో అనుకున్న. శానసేపు నా దగ్గర్నే నిలవడ్డది. నోరెండిపోయినట్టున్నది పాపం. మనం గుక్కెడు నీళ్లు సుత ఇయ్యకపోతిమి."

అలాంటి స్నేహితురాలు నాకెవరూ లేరు. ఆమె ఎవరో, గడియ వేసిన ఇంట్లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇంకా వెతికే ఓపికా లేదు. నాన్న బతికాడు. నాకు తెలిసింది అంతే.