మేడం కోసం పట్టిన మైల

ఉగాది దగ్గరపడిందనగా మా మేడం పోయారు. పొద్దున్నే పాల ప్యాకెట్లకని వెళ్లిన అమ్మ ఉత్త చేతులతో తిరిగొచ్చి, "మేడమ్మ నిద్దట్లోనే పోయిందే" అంటూ గుమ్మంలో కూలబడిపోయింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వెనక, రిటైరైన తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకున్న వీధి మాది. మేడం వాళ్ల నాన్నగారు లోకో షెడ్డులో పనిచేసేవారట. ఆయనా, వాళ్లమ్మగారూ పోయాక, పెళ్లి చేసుకోని మేడం ఆ ఇంట్లో ఒక్కరే ఉండిపోయారు. కాలేజీలో హిందీలో సమాజశాస్త్రం చెప్పి, సాయంత్రం అరుగు మీద మాకు అదే పాఠం తెలుగులో చెప్పేవారు. పుస్తకంలో కొరకరాని కొయ్యలా ఉన్న మాటని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవారు.

"ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లు ఉత్త గుంపే. బండి ఇప్పట్లో రాదని తెలిసి, ఒకరి పిల్లని ఇంకొకరు ఎత్తుకున్నారనుకో, అచ్ఛా, అప్పుడు సమూహమయ్యేరు" అనేవారు. చెబుతూనే జంతికల గిన్నె మా ముందుకు తోసేవారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పాఠం ఆగేది కాదు, మేమూ కదిలేవాళ్లం కాదు.

ఒకసారి బంధుత్వ పటం గీసుకు రమ్మన్నారు. వీధిలో అందర్నీ అత్త, మావ, పిన్ని అని పిలుస్తూ పెరిగినదాన్ని. వాళ్లంతా రక్తసంబంధీకులేననుకుని పటంలో దింపేశాను. మేడం కళ్లజోడు తీసి పడీపడీ నవ్వారు.

"ఏటే ఇది? వీధి వీధంతా మీ చుట్టాలేనేటి? పాపం, స్టేషన్లో టీసీబాబుని వగ్గీసినావేటి?"

నేను ఉడుక్కుని రబ్బరు తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"చెరపకమ్మా. పిలుపుతో కలిసిన చుట్టరికాన్ని కూడా మా శాస్త్రం ఒప్పుకుంటాది. అది ఉత్తదో నిజమో కష్టమొచ్చినప్పుడు తెలుస్తాది."

మేడంకి పక్కింటి మావయ్య తలకొరివి పెట్టాడు. శ్మశానం నుంచి వచ్చాక పంతులుగారు, "కొరివి పెట్టినాయనకి తప్ప మీకెవరికీ మైల లేదు. రక్తసంబంధం లేదు కదా. స్నానాలు చేసి పండగ చేసుకోండి" అన్నారు. ఆయన మాట ఆచారం ప్రకారం సరైనదే. అయినా నాకు కడుపు మండిపోయింది. మనిషి పోతే మైల పట్టేవాళ్లు, పండగ మానుకునేవాళ్లు ఉంటేనే ఇంటి మనిషి పోయినట్టు. ఇంతమందిని చేరదీసిన మేడం చివరికి ఎవరికీ ఏమీ కాకుండానే వెళ్లిపోతారా అని ఏడ్చాను. ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఉగాది పొద్దున, బెల్తరా నుంచి ఏటా వచ్చే ఆవిడ మామిడాకులు, వేపపువ్వు గంపనెత్తుకుని వచ్చింది. మామూలుగా అయితే మా ఇంటి దాకా రాకుండానే సరుకు అయిపోతుంది. మాకు మిగల్చమని అమ్మ ముందే చెప్పి ఉంచుకోవాలి. ఆ రోజు ఆవిడ నిండు గంపతో మా గేటు దగ్గర ఆగింది.

"క్యా హువా దీదీ? కోయీ నహీ లే రహా" అంది, ఎవరూ కొనడం లేదేమిటని అయోమయంగా.

"గమీ హో గయీ" అంది అమ్మ. ఇంట్లో మనిషి పోయిందని చెప్పడానికి ఇక్కడివాళ్లు అనే మాట అది.

"కిస్‌కే ఘర్?"

ఎవరింట్లో అని ఆవిడ అడగ్గానే అమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. చెయ్యెత్తి, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూపించింది.