క్యారేజీ అందేవరకూ హోల్డాన్

నాకు వచ్చిన ఇంగ్లీషంతా బస్సులోదే. సంతకం పెట్టేవరకే చదువుకున్నదాన్ని. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. దిద్దకు, నేను ఎలా అంటే అలా పెట్టు అన్నాను.

మా ఆయన అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే బస్సుకు కండక్టరు. బస్సు కదలాలంటే ‘రైట్’ అనాలి, ఆగాలంటే ‘హోల్డాన్’ అనాలి. పెళ్ళయిన కొత్తలోనే ఈ రెండూ నేర్చుకున్నాను.

మా ఇల్లు కాలవగట్టు రోడ్డు పక్కన, రెండు స్టాపులకి మధ్యలో ఉండేది. అక్కడ బస్సు ఆగే పని లేదు. అయినా మధ్యాహ్నం ట్రిప్పులో మా ఇంటి ముందుకి రాగానే ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి ‘హోల్డాన్’ అనేవారు. డ్రైవరుగారు బ్రేకు వేసేవారు. నేను అన్నం క్యారేజీ అందించేదాన్ని, ఆయన నిన్న బస్సులోనే మరిచిపోయిన ఖాళీ క్యారేజీ నాకిచ్చేవారు. వెంటనే ‘రైట్’. బస్సు వెళ్ళిపోయేది.

ఆయన తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళేవారు. ఆఖరి ట్రిప్పు ముగించుకుని వచ్చేసరికి అన్నం ముందే తూగేవారు. పగటి వెలుగులో ఆయన ముఖం నేను చూసేది ఆ కాస్తసేపే. ఆయన క్యారేజీ పట్టుకున్నాక కూడా నా వేళ్ళు ఇంకా దాని పిడి మీదే ఉండేవి. కావాలనే ఉంచేదాన్ని.

బస్సులోవాళ్ళు ఊరుకుంటారా.

“ఏవండీ కండక్టరుగారూ, ఇక్కడ స్టాపెప్పుడు పెట్టేరండి?”

“ఇయ్యాలేనండి.”

“నిన్నా ఇదే చెప్పేరు కదండీ.”

“ఆయ్, నిన్న కూడా ఇయ్యాలే పెట్టేనండి.”

ఆ బస్సులోనే మిషను బడి టీచరుగారు ఒకావిడ వెళ్ళేవారు. ఒకరోజు కిటికీలోంచి, “హోల్డాన్ అంటే ఆపమని కాదండి, గట్టిగా పట్టుకోమని” అన్నారు. నేను కిందే ఉన్నాను, విన్నాను. మా ఆయన క్యారేజీ లోపల పెట్టుకుంటూ, “ఆపడం మా పనండి టీచరుగారూ, పట్టుకోవడం తమరి పనండి. పట్టుకోండి మరి. రైట్” అన్నారు. బస్సంతా నవ్వుతూ వెళ్ళింది. ఆ నవ్వు మలుపు తిరిగేదాకా నాకు వినబడింది.

ఇంట్లోనూ అదే మాట. పులుసు వడ్డిస్తుంటే చాలు అనడానికి హోల్డాన్. పిల్ల కాలవ వైపు పరుగెడితే హోల్డాన్. నాకు కోపం వచ్చి గొంతు లేచినా అదే. నాది గరుకు గొంతు, చిన్నగా మాట్లాడినా పొరుగింటికి వినబడుతుంది. “నీ గొంతు నాకుంటేనా, బస్సులో బెల్లు తాడు కోసి తెచ్చి మన బావి చేదకి కట్టేద్దునే” అనేవారు.

అలాంటి మనిషికి కామెర్లు వచ్చాయి. ఊళ్ళో పసరు పోయించాం, తగ్గలేదు. మా మరిది కాకినాడ తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాడు. అప్పుడే పిల్లకి ఆటలమ్మ పోసింది. ఇప్పుడు ఇది రాస్తున్నదే ఆ పిల్ల. ఒళ్ళంతా పొక్కులున్న పిల్లని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళను, ఎవరికి అప్పగించి వెళ్ళను? ఉండిపోయాను.

ఒకరోజు కొబ్బరికాయల షావుకారుగారింటికి ఫోను వచ్చిందంటే, పిల్లని పక్కింటావిడ దగ్గర కూర్చోబెట్టి పరుగెత్తాను. అవతల ఎవరో “హోల్డాన్” అన్నారు.

“హోల్డాన్ అంటున్నారండి. ఏం ఆపమంటున్నారండి?” అని షావుకారుగారిని అడిగాను.

“ఆపడం కాదమ్మా. ఆయన్ని పిలుచుకొచ్చేదాకా ఫోను పెట్టకుండా పట్టుకుని ఉండాలి.”

పట్టుకున్నాను. చెయ్యి కూడా మార్చుకోలేదు. చాలాసేపటికి ఆయన గొంతు వచ్చింది, ఎంతో దూరం నుంచి.

“ఏమే, క్యారేజీ తెచ్చేవా?”

“మీరు రండి, ఇస్తాను” అన్నాను. ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. ఇంతలో లైను పోయింది. ఆయన మాట నేను మళ్ళీ వినలేదు.

ఆ తరవాత కూడా మధ్యాహ్నం బస్సు వేళకే వచ్చేది. డ్రైవరుగారు పాతాయనే, కండక్టరు కొత్తాయన. నేను పెరట్లోకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఎక్కడ కూర్చున్నా ఆ చప్పుడు తెలిసేది. మా ఇంటి ముందు బస్సు జోరు తగ్గేది. డ్రైవరుగారి కాలు అలవాటుకొద్దీ బ్రేకు మీదికి వెళ్ళేదేమో. ఆపమనే మనిషి లేక మళ్ళీ జోరందుకునేది. పూర్తిగా ఆగితే బాగుండును అనుకునేదాన్ని. ఆగితే ఏముంది, ఏం ఇస్తాను, ఎవరికి ఇస్తాను అని కూడా అనుకునేదాన్ని. అయినా ఆగాలనే ఉండేది.

ఒకరోజు నేను పేనిన కొబ్బరి తాళ్ళు అమలాపురంలో కొట్టుకి వేసి వస్తూ ఆ బస్సే ఎక్కాను. అంతవరకు దాన్ని తప్పించుకుని తిరిగినదాన్నే. వెనకాల కూర్చున్నాను. మా ఇల్లు దాటాక వచ్చే స్టాపుకి టిక్కెట్టు తీసుకున్నాను. కాలవ మలుపు తిరిగింది. మా ఇల్లు కనబడింది. బస్సు జోరు తగ్గింది, ఎప్పటిలాగే.

“హోల్డాన్.”

నా గొంతే. అరిచాక గాని నాకు తెలియలేదు. బస్సు ఆగిపోయింది. నిలబడ్డవాళ్ళు ముందుకి తూలారు.

“ఏటమ్మా, ఇక్కడ స్టాపు లేదు కదండీ” అన్నాడు కొత్త కండక్టరు.

డ్రైవరుగారు వెనక్కి తిరగలేదు. “ఉందండి. దిగనివ్వండి” అన్నారు.

దిగాను. రోజూ నిలబడే చోటే నిలబడి పైకి చూశాను. ఫుట్‌బోర్డు మీద కొత్తాయన ఉన్నాడు, చిన్నవాడు. ఇంజను ఆడుతూనే ఉంది. క్యారేజీ ఇచ్చి పుచ్చుకునేంతసేపు డ్రైవరుగారు బండిని అలాగే ఉంచారు.

“మరి వెళ్ళమంటారా అమ్మా?” అన్నాడు కొత్తాయన.

ఆపమని అరిచిన గొంతుకి వెళ్ళమనే మాట రాలేదు. రైట్ అని ఆ అబ్బాయి కూడా అనలేదు. బస్సు రేకు మీద అరచేత్తో మెల్లిగా తట్టాడు. బస్సు కదిలింది.